జత కుదరని చెక్క కమ్మలు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతుండగా, నా దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె, మాదాపూర్ మెట్రో స్టేషన్ కింద ఎవరో అమ్ముతుంటే ముచ్చటపడి కొనుక్కున్నానని చెప్పి, చెవులకున్న చెక్క కమ్మలు తీసి నా అరచేతిలో పెట్టి, ఎలా ఉన్నాయని అడిగింది. బాగున్నాయమ్మా అనేసి కప్పు పట్టుకుని లేచిపోతే పోయేది. నేనేం చేశానంటే, కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి, రెండు కమ్మల్నీ ఒకదాని తర్వాత ఒకటి వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఎడమదాని అంచు ఒక పక్క ఎక్కువ అరిగిందనీ, రెండింటికీ జత కుదరలేదనీ చెప్పేశాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "అంత దగ్గరగా ఎవరు చూస్తారు మేడమ్?" అని నవ్వీ నవ్వనట్టు నవ్వి, కమ్మలు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం వెళ్ళి ఏమీ అనుకోవద్దని చెప్పుకున్నాననుకోండి, అది వేరే సంగతి. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అంత దగ్గరగా చూసే మనిషి ఒకాయన ఉండేవాడని, ఆయన మా నాయన అని, చూడడం నాకు నేర్పింది ఆయనేనని పాతికేళ్ళ పిల్లకు టీ తాగే పది నిమిషాల్లో ఎలా చెప్పేది? మీకైతే చెప్పొచ్చు. తలకు రంగు వేసుకోవడం కూడా మానేసిన నా ఈడు వాళ్ళు, తీరిగ్గా చదివేవాళ్ళు, మీలో కొందరైనా ఉంటారు.

మాది ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. ప్రొద్దుటూరంటే బంగారం అంగళ్ళకు పెట్టింది పేరు. మా బంధువుల్లో ఆడవాళ్ళు ఎదురుపడితే ముందు మెడ చూసి, తర్వాత చెవులు చూసి, ఆ తర్వాత గానీ ముఖం చూసి బాగున్నావా అని అడిగేవాళ్ళు కాదు. అట్లాంటి ఊరి పక్కన మా నాయన వడ్రంగి. ఊళ్ళో పని పలచబడ్డాక, హైదరాబాదులో మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయనీ, లోపలి చెక్కపనికి మనుషులు చాలడం లేదనీ విని, ఉలుల సంచి భుజాన వేసుకుని ముందు తానొక్కడే వచ్చాడు. నేను ఎం.సి.ఏ. ముగించి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చేనాటికి కొత్తగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని అమ్మను కూడా పిలిపించుకున్నాడు. ఇప్పుడు ఫ్లైఓవర్ కింద నిలబడి ఎటు దాటాలో తెలియక తికమకపడే ఆ కూడలిలో, అప్పుడు మా ఇంటి అరుగు మీద నుంచి చూస్తే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి వెనక ఎక్కడో దూరంగా సైబర్ టవర్స్ పైభాగం కనిపించేవి. వాన పడితే షేర్ ఆటో వాడు సగం దారిలో దించేసి, చెప్పులు చేత్తో పట్టుకుని నడవమనేవాడు. అయినా ఆ రోజుల్లో ఆఫీసుకు వెళ్ళడమంటే నాకు పెళ్ళికి వెళ్ళినంత హుషారుగా ఉండేది.

నా ఉద్యోగం టెస్టింగ్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులెక్కడున్నాయో వెతికి, జాబితా రాసి వాళ్ళకు పంపడం. ఈ మాట మా అమ్మకు మొదటిసారి వివరించి చెప్పినప్పుడు, ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తకుండా, "అంటే ఆడబిడ్డ పనన్నమాట. దానికి జీతం గూడా ఇస్తారా?" అంది. ఆడబిడ్డలు ముగ్గురున్న మనిషి కాబట్టి ఆమెకు వెంటనే అర్థమైంది. మా నాయన మాత్రం నవ్వలేదు. తప్పు పట్టడానికి ఒక మనిషిని కూర్చోబెట్టారంటే ఆ కంపెనీ వాళ్ళు పని తెలిసినవాళ్ళేనని ఆయన లెక్క.

నేను ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, ఉగాది వెళ్ళిన కొత్తల్లో, మాదాపూర్‌లో కడుతున్న ఒక భవనంలో చెక్కపలక కోస్తుండగా కటింగ్ మిషన్ దగ్గర చెక్క ఎగిరిపడి మా నాయన కుడిచేయి బ్లేడు కిందికి వెళ్ళింది. బొటనవేలు మొదలంటా పోయింది, చూపుడువేలు సగానికి పోయింది. ఎవరి పొరపాటూ లేదు, మిషన్ దగ్గర పనిచేసేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు జరిగేదేనని ఆయనే అందరికీ సర్ది చెప్పాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక మాత్రం గోడకు వీపు ఆనించి కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒడిలో పెట్టుకుని, ఎవరిదో పరాయి వస్తువును చూసినట్టు దాన్ని చూస్తూ ఉండేవాడు. పదిహేను రోజులు చూసి మా ఇంటి ఓనరమ్మ ఇక ఉండబట్టలేక, "ఏందన్నా గిట్ల కూసుంటవ్? చెయ్యి పోయింది గని మనిషివి పోలేదు గద. జర లేచి బయట తిరుగు" అని గుమ్మంలో నిలబడి కేకలేసింది. ఆమె నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మా నాయనకు రోజూ ఆమె పంపే మటన్ సూపు ఒక్కటే ఇబ్బంది, ఆయన శాకాహారి. అమ్మ దాన్ని గుట్టుగా పక్కింటికి చేరవేసేది.

ఆ నెలలోనే నాయన పనిచేసిన చోటి పెద్దమేస్త్రీ ఇంటికి వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, చాలా మర్యాదస్తుడు. మా నాయన పనితనం తెలిసినవాడు కాబట్టి ఒక దారి ఆలోచించుకుని వచ్చాడు. దసరా వెళ్ళగానే కొత్త భవనంలో తలుపులు, బీరువాల పని మొదలవుతుందట. అక్కడ చెక్కపని అంతా చూసుకోవడానికి ఒక మనిషి కావాలట. "మీరు చేత్తో ముట్టుకోనక్కర్లేదండి. కుర్చీ వేయిస్తాను, మనవాళ్ళు చేసింది చూసి బాగుందో లేదో చెప్పండి చాలు" అన్నాడు. అమ్మ కళ్ళలో వెలుగు కనిపించింది. పని ఖాయమైపోయినట్టు నేను పెద్దమేస్త్రీకి టీ పెట్టడానికి లేచాను. మా నాయన తల అడ్డంగా ఊపాడు.

"చెయ్యి ఆడనోడు ఇంకొకని పనికి వంక పెట్టగూడదు సామీ. ముందు నా పని నేను చేసుకుని చూసుకోవల్ల. వస్తే వస్తా, లేకుంటే ఊరికి పోతా" అన్నాడు.

ఊరికి పోవడమంటే ఏమిటో మాకు తెలుసు. ఊళ్ళో మా చిన్నాన్న ఇంటి ముందర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు అయ్యో పాపం అంటుంటే వింటూ రోజులు వెళ్ళదీయడం. ఇరవై మంది మేస్త్రీల మధ్య ఎవరి ముందూ తలవంచకుండా బతికిన మనిషి ఆ జాలి కింద ఆరు నెలలు కూడా బతకడని నాకు లోలోపల భయం వేసింది. పెద్దమేస్త్రీ దసరా దాకా ఆ చోటు ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చి, ఆపైన మాత్రం తన చేతుల్లో ఉండదని చెప్పి వెళ్ళాడు.

మా నాయన తనకు తాను పెట్టుకున్న పరీక్ష ఒక జత కమ్మలు. ఇదేం ఎంపిక అని మేమూ ఆశ్చర్యపోయాం, పీట చేయొచ్చు, గరిటె చేయొచ్చు కదా. పెద్ద వస్తువులో వెంట్రుకంత తేడా వస్తే లప్పం పెట్టి పూడ్చవచ్చుననీ, చెవి కమ్మంత చిన్నదానిలో దాచుకోవడానికి చోటుండదనీ ఆయన అన్నాడు. ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. నాకు చెవులు సుకుమారం, గిల్టు పెడితే చీము పట్టేది. ఉన్న ఒక్క బంగారు జతలో ఒకటి ఆఫీసు బాత్రూంలో ఎక్కడో జారిపోయి అప్పటికి ఏడాదైంది, రంధ్రాలు పూడిపోకుండా ఊరి అలవాటు ప్రకారం వేపపుల్లలు పెట్టుకుని, వాటి మీదికి జుట్టు లాక్కుని ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు గానీ, చూడకుండా ఉండే మనిషి కాదు.

ఎవరో పెద్దాయన గదికి బల్ల చేయగా మిగిలిన జిట్రేగి ముక్క, మోచేయంత పొడవుది, ఆయన దగ్గర భద్రంగా ఉండేది. నల్లగా, బరువుగా, నునుపు చేస్తే మెరిసే చెక్క. దాన్ని బయటికి తీశాడు. పట్టుకోవడానికి కుడిచేతికి బొటనవేలు లేదు కాబట్టి, మణికట్టుకు తోలు పట్టీతో కట్టుకునే ఒక చిన్న బిగింపు తయారు చేసుకున్నాడు, అందులో చెక్కముక్కను ఇరికించి ఎడమచేత్తో ఉలి పట్టేవాడు. యాభై రెండేళ్ళ మనిషి ఎడమచేత్తో పని నేర్చుకోవడమంటే పలకా బలపం పట్టిన పిల్లల లెక్కే. మొదటి నెల పూసలు మాత్రమే చేశాడు. ఒకటి గుండ్రంగా, ఒకటి కోలగా, ఒకటి ఎటూ కాకుండా వచ్చేవి. పారేయబోతే అమ్మ లాక్కుని అన్నింటినీ నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకుంది. ఓనరమ్మ చూసి గుమ్మడి గింజల దండ బాగుందని ఎగతాళి చేస్తే, అమ్మ ఇంకాస్త పైకి కనిపించేలా కొంగు సర్దుకుంది. ఆ ఏడు బంధువుల పెళ్ళికని ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు కూడా అదే దండ వేసుకుపోయిందంటే మీరే ఊహించుకోండి. మా పెద్ద మేనత్త, బంగారు ఊళ్ళో పుట్టి కట్టెలు మోస్తున్నావా వదినా అంటే, ఇట్లాంటిది ఈ ఊరు మొత్తంలో రెండోది ఉంటే పట్టుకురమ్మందట.

ఆషాఢం నాటికి మొదటి కమ్మ వచ్చింది. రూపాయి బిళ్ళంత, ఎనిమిది రేకుల పువ్వు, మధ్యలో చిన్న బుడిపె. నేను ఎగిరి గంతేశాను. ఆయన దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూసి, ఒక పువ్వు అదృష్టం కొద్దీ వస్తుందనీ, రెండోది అదే మాదిరి వస్తేనే దాన్ని పని అనాలనీ అన్నాడు. ఆ రెండోది రాలేదు. రెండోది వస్తే మొదటిదానికంటే పెద్దదిగా వచ్చేది, సరిపోయిందనుకుంటే రేకు మొద్దుబారేది. ఒంటరి కమ్మలు బిస్కెట్ డబ్బాలో పోగవుతూ వచ్చాయి. ప్రతి రెండింటినీ ఆయన చీపురుపుల్ల తక్కెడలో తూచేవాడు. పుల్ల మధ్యలో దారం కట్టి వేలాడదీసి, రెండు కొసలకూ రెండు కమ్మలు తగిలిస్తే, ఏ పక్క బరువైతే పుల్ల ఆ పక్కకు వాలుతుంది. దానికి ఎవరి మీదా అభిమానం లేదని ఆయన మెచ్చుకునేవాడు. ఆ పుల్లను నేను మాత్రం ఎంత ద్వేషించానో చెప్పలేను.

శ్రావణంలో ఒక ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే రెండు కమ్మలు నా చేతిలో పెట్టాడు. వెనక కాడలు కూడా కంసాలి దగ్గర వెండివి వేయించుకొచ్చాడు. చేసినవాడి కన్ను చేసినదాని పక్షమే మాట్లాడుతుంది కాబట్టి, ఈసారి నన్నే తూచి, తడిమి చెప్పమన్నాడు. చెప్పి, స్నానానికి వెళ్ళాడు. నేను వాటిని చూడలేదు, ఆయన ఎడమ మణికట్టు చూశాను. రాత్రింబవళ్ళ శ్రమకు అది బన్నులా వాచి ఉంది. తక్కెడ కట్టలేదు, తడమలేదు. ఆయన బయటికి రాగానే, సరిగ్గా సరిపోయాయి నాయనా అని చెప్పి, వేపపుల్లలు తీసి పారేసి, కమ్మలు పెట్టుకుని ఆటో ఎక్కేశాను. నేను ప్రేమతోనే చెప్పాను. ఆఫీసులో అందరూ ఎక్కడ కొన్నావని అడిగారు, మా నాయన చేశాడంటే నమ్మలేదు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ పాయసం చేసింది. మా నాయన పగలు మాదాపూర్ దాకా నడిచి వెళ్ళి, దసరా కాగానే పనిలోకి వస్తున్నానని పెద్దమేస్త్రీకి చెప్పి వచ్చాడట. దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంటానని ఆయన నా చెవి కమ్మలు తీయించుకున్నాడు, పెట్టే ముందు అమ్మకు చూపించాలని సంబరపడి తక్కెడ కట్టాడు. పుల్ల కుడివైపుకు నిదానంగా వాలింది. ఆయన దాన్ని తీసి, కొసలు మార్చి మళ్ళీ కట్టాడు. ఈసారి ఎడమవైపుకు వాలింది.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పుల్ల విప్పి, దారం చుట్టి పెట్టి, "ఆఫీసులో తప్పులు పట్టేదానికి జీతమిస్తారు గదా పాపా నీకు. ఇంట్లో ఊరికే పట్టలేవా?" అని మెల్లగా అడిగాడు. నేను ఏడుస్తూ, నీ చెయ్యి వాచింది కదా నాయనా అన్నాను. "చెయ్యి వాస్తే నూనె రాయి. అబద్ధం చెప్తే నేను యాడికి పోవల్ల?" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ మాదాపూర్ నడిచి వెళ్ళాడు. తొందరపడి నోరు జారానని, తన పని ఇంకా పూర్తి కాలేదని, ఆ పెద్దమేస్త్రీ ముందు, పదిమంది పనివాళ్ళు వింటుండగా చెప్పి వచ్చాడు. నేను చేసిన పనికి ఆయన పోగొట్టుకున్న మాట అది. నా జీవితంలో సిగ్గుపడిన రోజులు చాలా ఉన్నాయి గానీ, ఆటోలో వెళుతూ, రోడ్డు పక్కన కుడిచెయ్యి తువ్వాలులో దాచుకుని నడుస్తున్న మా నాయనను దాటిపోయిన ఆ ఉదయం ముందు అవేవీ లెక్కలోకి రావు.

అప్పటినుంచి నేను మారాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని దీపం దగ్గర కూర్చుని, ఆ రోజు చేసిన కమ్మను పట్టుకుని ఆఫీసులో చేసినట్టే చేసేదాన్ని. పనికిరాని ప్రింటు కాగితాల వెనక వైపు రాసేదాన్ని: మూడో రేకు కొస మొద్దు, ఆరో రేకు పక్కదానికంటే పలచన, వెనక వైపు ఉప్పుకాగితం గీతలు మిగిలాయి. ఆయన ఆ కాగితాన్ని పేపరు చదివినట్టు పొద్దున్నే చదివేవాడు. ఒక్కోసారి వాదించేవాడు కూడా, అది తప్పు కాదు, చెక్కలో నార అట్లా పోయిందని, అచ్చం మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్ళు నాతో వాదించినట్టే. నేనూ వదిలేదాన్ని కాదు. మధ్యలో అమ్మ నలిగిపోయేది. కన్నబిడ్డవేనా నువ్వు, ఒక్క రోజన్నా బాగుందని చెప్పగూడదా అని నా మీద విసుక్కుని, పళ్ళెంలో సంగటి ముద్ద ఠపీమని పెట్టేది. ఆమెకు తెలియనిదేమిటంటే, ప్రతి తప్పూ రాసే ముందు, ఇది రాయకపోతే ఏం పోయిందని పెన్ను పక్కన పెట్టి మళ్ళీ తీసేదాన్ని. రాయడం మానలేదు, అంతే.

భాద్రపదంలో ఒక సాయంత్రం కమ్మ ఇచ్చాడు. వెతికి మూడు తప్పులు రాశాను. కాగితం చూసి, నాలుగోది ఏదని అడిగాడు. మళ్ళీ చూస్తే బుడిపె కింద, కనపడీ కనపడకుండా, ఉలి మొనతో కావాలనే చేసిన చిన్న గాటు. నేను నిజంగా చూస్తున్నానా, అలవాటుగా రాస్తున్నానా అని పరీక్ష పెట్టాడన్నమాట. మర్నాడు మళ్ళీ ఒకటి దాచాడు, దాన్ని మొదటిసారే పట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ తక్కెడ కట్టలేదు. నా మాటే తక్కెడ అయింది. ఉద్యోగంలో నాకు ఎన్నో ప్రమోషన్లు వచ్చాయి గానీ, ఆ రోజంత గర్వపడింది లేదు.

దసరాకు ఆరు రోజులున్నాయనగా రెండు కమ్మలిచ్చాడు. దీపం దగ్గర గంటసేపు చూశాను. ఏమీ దొరకలేదు. నా మీద నాకే అనుమానం వచ్చింది, జాలి మళ్ళీ నా కళ్ళకు అడ్డం పడుతోందేమోనని. పొద్దున చెబుతానని దిండు కింద పెట్టుకుని పడుకుని, తెల్లవారాక ఎండలో, కళ్ళు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి, పదహారు రేకులూ తడిమాను. అప్పుడు కాగితం మీద "ఏమీ లేవు" అని రాసి ఇచ్చాను. ఆయన చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సంగటి తిని, చెప్పులు వేసుకుని, ఈసారి తువ్వాలు చుట్టుకోకుండా, మాదాపూర్ దారి పట్టాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి అమ్మా నేనూ వంటింట్లో ఒకరిని పట్టుకుని ఒకరం ఏడ్చాం. ఓనరమ్మ కంగారుగా వచ్చి సంగతి తెలుసుకుని, తానూ ఏడ్చి, మళ్ళీ మటన్ సూపు పంపించింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు, కూర్చున్నది తక్కువేననుకోండి. ఆ ఐటీ కారిడార్‌లో చాలా ఆఫీసుల తలుపులు ఆయన వేలు తడిమి సరేనన్నాకే గోడకెక్కాయి. ఇంట్లో మాత్రం ప్రతి దసరాకూ నాకు ఒక జత కమ్మలు చేసేవాడు. అమ్మకు పూసల దండలు, చేతికి గాజులు, ఒక ఏడు జడబిళ్ళ కూడా. ప్రతిదానికీ నా కాగితం ఉండాల్సిందే. అమ్మ పోయినప్పుడు పెట్టెలో ఆ గుమ్మడి గింజల దండను అన్నింటికంటే అడుగున, పట్టుగుడ్డలో చుట్టి ఉంచుకుందని తెలిసింది.

కొత్తగూడ నుంచి మదీనాగూడలో సొంత ఫ్లాటుకు మారాం. ఆఫీసులో నా కింద ముప్ఫై మంది చేరారు. మనుషులతో ఎలా మాట్లాడాలో రెండు రోజులు కూర్చోబెట్టి మాకు నేర్పించారు. ముందు మెచ్చుకోవాలట, తప్పును తప్పు అనకూడదట, ఇంకా మెరుగుపరచుకునే అవకాశం అనాలట. నేను బాగానే నేర్చుకున్నాను, బాగుంది అనే మాట నా నోట శ్వాసలా అలవాటైంది. ఇటు తలుపులన్నీ ఎక్కడో ఫ్యాక్టరీలో మిషన్ మీద తయారై, ప్లాస్టిక్ చుట్టుకుని వచ్చి బిగించుకోవడం మొదలయ్యాక, తడిమి చూసే మనిషి అవసరం తీరిపోయి మా నాయన ఇంటికి వచ్చేశాడు. కళ్ళలో నీటికాసులు మొదలై చూపు తగ్గుతూ వచ్చింది. అయినా బాల్కనీలో బిగింపు కట్టుకుని కూర్చునేవాడు, ఏడాదంతా కూర్చుంటే ఒక జత వచ్చేది.

ఒక దసరా ముందు, పొద్దున, కింద క్యాబ్ వచ్చి నిలబడింది. నా చెవిలో ఫోను, అవతల ఎవరో మాట్లాడుతున్నారు. మా నాయన వచ్చి రెండు కమ్మలు నా చేతిలో పెట్టి నిలబడ్డాడు. వేలు తగలగానే తెలిసింది, ఒక కమ్మకు ఏడు రేకులే ఉన్నాయి. ఆయన ముఖం చూశాను. ఎనభైకి దగ్గరపడిన ముఖం. నేను ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, బాగున్నాయి నాయనా అన్నాను.

"సరిగ్గా చూసినావా పాపా?"

చూశానన్నాను. ఆయన తల ఊపాడు. "అయితే ఇంక చాల్లే" అన్నాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఉలులన్నింటికీ నూనె రాసి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టించేశాడు. మర్నాటి నుంచి టీవీ ముందు కూర్చున్నాడు. సీరియల్ ఏదైనా ఒకటే ఆయనకు, వినేవాడు, అంతే. ఏడాదిన్నర అట్లాగే కూర్చుని, ఒక మధ్యాహ్నం కూర్చున్న చోటే వెళ్ళిపోయాడు. ఆ ఏడో రేకు దగ్గర కన్ను మోసం చేసిందో, నేను ఇంకా చూస్తున్నానో లేదో తెలుసుకోవడానికి కావాలనే ఎనిమిదోది వదిలేశాడో, నాకు తెలియదు. అడుగుదామని ఆ ఏడాదిన్నరలో ఎన్నిసార్లో దగ్గర కూర్చున్నాను. కూర్చుని, టీ తాగుతావా నాయనా అని అడిగి లేచొచ్చాను.

ఇప్పుడు మన చుట్టూ మెచ్చుకోళ్ళకు కొదవ లేదు. అన్నం తెచ్చిచ్చినవాడికి ఫోన్లో అయిదు చుక్కలు, క్యాబ్ నడిపినవాడికి అయిదు చుక్కలు, పిల్లలు గీసిన ప్రతి గీతకూ చప్పట్లు. మంచిదే, మన కాలంలో ఒక్క మంచి మాటకు మొహం వాచిపోయి పెరిగాం కాబట్టి నేను కాదనను. కానీ ఒక మనిషి పనిని చేతిలోకి తీసుకుని, తీరిగ్గా, చివరిదాకా చూసి, ఇక్కడ తప్పిందని చెప్పడంలో ఎంత ఆప్యాయత ఉండేదో మన తరంతోనే మరచిపోతున్నాం, నేను అందరికంటే ముందే మరచిపోయాను. ఆయన అలసిపోయాడని, ఆయనకు విశ్రాంతి ఇస్తున్నానని అనుకున్నాను. ఒక రేకు తగ్గింది నాయనా అని ఆ పొద్దున చెప్పి ఉంటే, నన్ను తిట్టుకుంటూనో, తనను తిట్టుకుంటూనో, మా నాయన మర్నాడు మళ్ళీ పనికి కూర్చునేవాడు.